మీగడరంగు ఊలు, మేడమీద టీ

టీ తాగడానికి రైలెక్కి విజయనగరం వెళ్తున్నానంటే నమ్మిన మనిషి మా కోటబొమ్మాళిలో ఇంతవరకూ ఒక్కరూ లేరు. స్టేషన్లో టికెట్ల కిటికీ దగ్గర ఎవరో ఒకరు తగులుతారు. "ఏటి పనమ్మా?" అంటారు. "టీ తాగొస్తాను" అంటాను. "ఇక్కడ టీ లేదేటి?" అంటారు. నిజమే, ఉంది. మొదట్లో వివరించేదాన్ని. తర్వాత పళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పడం మొదలుపెట్టాను. ఈపాటికి నా ముప్పై రెండు పళ్ళకీ రెండేసిసార్లు వైద్యం జరిగి ఉండాలి. ఎవరూ అనుమానించలేదు. టీకి లేని పరువు పంటిపోటుకి ఉంది.

అసలు కార్యక్రమం చాలా చిన్నది. రెండో శనివారం నేను కామర్స్ చెప్పే జూనియర్ కాలేజీకి సెలవు. నేను ఇటునుంచి రైల్లో, మా వదిన సాలూరునుంచి బస్సులో బయల్దేరి విజయనగరంలో కలుస్తాం. ఒకచోట కూర్చుని తీరిగ్గా టీ తాగుతాం. తర్వాత బజార్లో ఊలూ దారాలూ అమ్మే కొట్టుకి వెళ్ళి, కొనేది కాస్త, తాకి చూసేది ఎక్కువ. సాయంత్రానికి ఎవరింటికి వాళ్ళం. దీన్ని మేమిద్దరం విహారం అనుకుంటాం. మా అన్నయ్య మాత్రం "మీటింగు" అంటాడు.

అన్నయ్య లారీ నడుపుతాడు. సాలూరులో అదేం వింత కాదు, నడపనివాణ్ణే కాస్త తేరిపార చూస్తారు. సరుకు వేసుకుని కొండల మీది ఘాటీ ఎక్కి ఒరిస్సా మీదుగా రాయపూర్ వైపు పోతాడు. వదిన పెళ్ళయిన దగ్గర్నుంచి, అంటే పద్దెనిమిదేళ్ళుగా, ఏదో ఒకటి అల్లుతూనే ఉంది. టీవీ మీద గుడ్డ, ఫ్రిజ్జు మీద గుడ్డ, మంచినీళ్ళ కుండ మీద గుడ్డ. ప్రతిదానికీ అన్నయ్య తల తిప్పకుండా "బాగున్నాది" అంటాడు. ఒకసారి ఆవిడ కావాలనే వట్టి చేతులు చాపి "ఎలాగున్నాది బావా?" అని అడిగితే, దానికీ బాగున్నాది అన్నాడు.

అందుకని ఆవిడ స్వెట్టరు మొదలుపెట్టింది. వేసుకోవాలంటే ఎలాగూ చూడాలి కదా. మీగడరంగు ఊలు, ముందువైపు రెండు జడల్లాంటి అల్లిక. ఆరు నెలలు పట్టింది. ఆ జడలు కుదరక ఆవిడ ఎన్నిసార్లు విప్పి మళ్ళీ అల్లిందో నాకు తెలుసు, ఎందుకంటే ప్రతిసారీ నాకు ఫోన్ చేసి తిట్టింది. నన్ను కాదు, జడల్ని. ఆవిడ కోరిక కూడా పెద్దదేం కాదు. ఘాటీ మీద తోటి డ్రైవర్లు నలుగురున్న చోట అన్నయ్య దాన్ని వేసుకుని నిలబడాలి. ఎవరల్లినారని ఒక్కడైనా అడగాలి. "మా ఇంటిది" అని అన్నయ్య చెప్పాలి. అంతే.

మొన్న మార్గశిరంలో, రెండో శనివారం నాటికి, ఒక చెయ్యి పూర్తయి రెండోది మోచేతి దగ్గర ఆగింది. ఊలు అయిపోయింది. సోమవారం తెల్లవారుజామున అన్నయ్య ప్రయాణం. అంటే శనివారం కొనాలి, ఆదివారం అల్లాలి.

ఊలు ఉండకి చుట్టిన కాగితం మీద రంగు నంబరు ఉంటుంది. అది ఉంటే పని సులువు. చదువుకున్నదాన్నని ఆ కాగితం నాకిచ్చింది వదిన. భద్రంగా దాచాను. నేను భద్రంగా దాచినవి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు, నాకు కూడా. స్వెట్టరే పట్టుకురమ్మన్నాను. "మీగడరంగుది బస్సులో తెస్తారేటే? బొగ్గురంగు అయిపోద్ది" అంది. చివరికి జానెడు ఊలుదారం నమూనాకి కత్తిరించి పర్సులో పెట్టుకొచ్చింది.

ఊలు కొట్టు పదిన్నర దాకా తియ్యరు. కాబట్టి ముందు టీ. మేం మామూలుగా కూర్చునే టీ దుకాణంలో కిటికీ పక్కన ఒక బల్ల ఉంది. బజారంతా కనిపిస్తుంది, పైన ఫ్యాను తిరుగుతుంది. ఆరోజు ఆ బల్ల ఖాళీగానే ఉంది. మేం కూర్చోబోతుంటే గల్లాపెట్టె దగ్గరున్న యజమాని లేచాడు.

"అమ్మా, ఫ్యామిలీ మేడమీదమ్మా."

"పోయిన నెల ఇక్కడే కూర్చున్నాం కదండీ" అన్నాను.

"కొత్తగా పెట్టినామమ్మా, మీకోసమే. కింద మగోళ్ళుంటారు."

కింద ఇద్దరు మగవాళ్ళున్నారు. ఒకాయన పేపరు చదువుతున్నాడు. రెండో ఆయన ఆ పేపరు వెనకవైపు చదువుతున్నాడు. మావల్ల వాళ్ళకి గాని, వాళ్ళవల్ల మాకు గాని ఏ ప్రమాదమూ కనిపించలేదు.

"మాకు మీద వద్దు. కిటికీ గావాల" అంది వదిన.

"మీద కిటికీ ఉన్నాదమ్మా."

ఉంది. మూసి ఉంది. దాని ముందు పంచదార బస్తాలున్నాయి. ఫ్యాను కూడా ఉంది, దానికి రెక్కలు మాత్రం రెండే. గౌరవం ఎక్కువైనప్పుడు ఆడవాళ్ళని ఎక్కడ పెడతారో తెలుసుకోవాలంటే ఆ గది చూడాలి. మోకాళ్ళు పట్టుకుని ఇరవైరెండు మెట్లెక్కాం. యజమాని కూడా అవే మెట్లెక్కాలి కనుక ఒక్కసారే వచ్చాడు, మా ఆర్డరుకీ టీకీ కలిపి. టీ వచ్చేసరికి పైన మీగడ కట్టింది.

వదిన ఆ మీగడని వేలితో తీసి పక్కన పెట్టింది. "రంగు సరిగ్గా ఇదేనే" అంది.

ఆ రోజుకి మా విహారంలో బాగున్నది ఆ ఒక్క మాటే.

ఊలు కొట్టు కోమటాయన పెద్దమనిషి. ఎన్నిసార్లు వెళ్ళినా మమ్మల్ని మొదటిసారి చూసినట్టే చూస్తాడు. "తోరణానికా అమ్మా, బొమ్మకా?" అన్నాడు. మా వైపు ఊలు కొనేది గుమ్మం తోరణాలకే.

"స్వెట్టరుకి" అన్నాను.

"మన సైడు స్వెట్టరేటమ్మా! ఎవరికి?"

"మనిషికి."

ఆయన కాసేపు ఆలోచించాడు. "పచ్చా ఎరుపూ తీసుకెల్లండి తల్లీ, గుమ్మం కళకళలాడతాది" అన్నాడు. వదిన పర్సులోంచి నమూనా తీసింది. మీగడరంగు అడిగేవాళ్ళు లేక కొట్టులో ఎక్కడో అడుగున ఉందట. ఆయన బల్లెక్కాడు, దిగాడు, ఇంకో బల్లెక్కాడు. చివరికి ఒక సంచీ దులిపి మూడు రకాలు బయటికి తీశాడు. ట్యూబులైటు కింద మూడూ ఒకేలా ఉన్నాయి.

ట్యూబులైటు మాట మా వైపు ఎవరూ నమ్మరు. చీరైనా జాకెట్టు ముక్కైనా ఎండలోకి తీసుకెళ్ళి చూస్తే తప్ప రంగు రంగు కాదు. ముగ్గురం రోడ్డు మీదికొచ్చాం. ఆయన మూడు ఉండలు పట్టుకున్నాడు, వదిన మధ్యలో జానెడు దారం పట్టుకుంది, నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. ఆటో ఒకటి ఆగింది. మెట్ల మీద కరివేపాకు అమ్ముకుంటున్న ముసలమ్మ లేచొచ్చింది.

"ఆ ఎడమసేతిది కాదు. నడిందీ కాదు. ఈ కుడిదే. అక్కసెల్లెల్లలాగున్నాయి" అంది ముసలమ్మ.

ఆటో అతను కూడా అదే అన్నాడు. కొట్టాయన అదే అన్నాడు. నేను కళ్ళజోడు పెట్టుకుని, ముందుకీ వెనక్కీ జరిగి, కాలేజీలో తప్పు లెక్క కూడా ధైర్యంగా చెప్పే గొంతుతో, "అచ్చంగా ఇదే" అన్నాను. ఆ ఒక్క విషయంలో విజయనగరం బజారంతా ఏకమైంది.

ఆదివారం తోడుంటానని నేను కూడా వదినతో సాలూరు బస్సెక్కాను. రెండు గంటలు నిలబడే వెళ్ళాం. ఇంటికి చేరేసరికి అన్నయ్య లోడింగు దగ్గరికి వెళ్ళాడు. వదిన కాళ్ళు కడుక్కుని, దిండుగలీబులోంచి స్వెట్టరు తీసి మంచం మీద పరిచి, దాని పక్కన కొత్త ఉండ పెట్టింది.

వదిన వెళ్ళి కిటికీ తెరిచింది. ఇంకా పొద్దుంది. ఆ వెలుగులో సంగతి ఇంకా స్పష్టమైంది. స్వెట్టరు మీగడరంగు. ఉండ అరటిపండు రంగు.

"వదినా, ఆ నమూనా ఎక్కణ్ణించి తీసినావు?"

"మొదటి కొసే. కింద ఏలాడతన్నాదని కత్తిరించినాను. మధ్యలోది కోస్తే విప్పుకుపోద్ది కదా."

"మొదటి కొసకి ఏటైనా సేసినావా?"

"ఏటి సేస్తాను?" అంది. కొంచెం ఆగి, "పసుపు రాసినాను. కొత్తబట్టకి రాయరేటి?" అంది.

రాస్తారు. మనవాళ్ళు కొత్త చీర అంచుకి రాస్తారు, కొత్త చొక్కా కాలరుకి లోపల రాస్తారు. నా డిగ్రీ సర్టిఫికెట్టు మూలకి కూడా మా అమ్మ రాసింది, ఆ మూల ఇప్పటికీ కొంచెం ఎక్కువ పాసైనట్టు ఉంటుంది. స్వెట్టరు మొదలుపెట్టిన రోజు వదిన తొలి కొసకి శుభమా అని పసుపు అద్దింది. ఆరు నెలల్లో అది వెలిసి దారంలో కలిసిపోయింది. ఊలుకి సహజంగా అదే రంగన్నట్టు తయారైంది. మేం విజయనగరం రోడ్డు మీద, నిండు ఎండలో, ఐదుగురం కలిసి సరిపోల్చింది పసుపుని.

మర్నాడు ఆదివారం, కొట్టు మూత. తెరిచి ఉన్నా వెళ్ళొచ్చే టైము లేదు. నేను ఉపాయాలు మొదలుపెట్టాను. చదువుకున్నవాళ్ళకి కష్టంలో వచ్చే మొదటి జబ్బు అది.

"అల్లిన సెయ్యి కూడా విప్పేసి, రెండింటినీ మోసేతుల దాకా సేసేద్దాం."

"సగం సగం సేతులా? ఘాటీ మీద సలి సగమే వస్తాదేటి?"

"పోనీ మొత్తం స్వెట్టరు పసుపునీళ్ళలో ముంచేద్దాం."

"ఆరొద్దేటి? తడి స్వెట్టరుతో లారీ తోలమంటావా? ఒసే, నువ్వు పిల్లలకి కూడా ఇలాగే సెప్తావా?"

వదిన సూదులు తీసి కూర్చుంది. పసుపుపచ్చ ఊలుతో మోచెయ్యి కింద నుంచి మొదలుపెట్టింది. నేను వంట చేశాను. ఆవిడ ఆ రోజు ఒక్క తిట్టు కూడా తిట్టలేదు, ఊలుని గాని, కొట్టాయన్ని గాని, నన్ను గాని. అది నాకు బొత్తిగా నచ్చలేదు.

ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య భోజనానికొచ్చాడు. ఆవిడ ఒళ్ళో ఉన్నదాన్ని ఈసారి చూశాడు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి తల తిప్పి మరీ చూశాడు.

"ఒక సెయ్యి పసుపేటే? సగం పెళ్ళికొడుకుని సేసినావేటి?"

ఇది తన జీవితంలోకెల్లా మంచి జోకని అన్నయ్య నమ్మకం. పప్పు వేసుకుంటూ ఒకసారి, మజ్జిగ పోసుకుంటూ ఒకసారి అన్నాడు. వదిన సూదులు ఆగలేదు. ఇంట్లో జోకులు వేసే హక్కు ఇన్నాళ్ళూ నాదే అనుకున్నాను. అది అవతలివాడి చేతిలో ఎలా ఉంటుందో ఆ పూట తెలిసింది.

సోమవారం తెల్లవారుజామున, పాలవాడు రాకముందే, అన్నయ్య తయారయ్యాడు. వదిన స్వెట్టరు అందించింది. అన్నయ్య నా వైపు చూశాడు. నేను చూడగలిగినంత ఘోరంగా చూశాను. ఏమనుకున్నాడో, తల దూర్చి వేసుకున్నాడు. సరిగ్గా పట్టింది. భుజాలు, మెడ, ఆ జడలు రెండూ గుండెల మీదుగా తిన్నగా దిగాయి. వదిన రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. అప్పుడు అన్నయ్య దండెం మీది ఖాకీ చొక్కా తీసి దాని మీద తొడుక్కున్నాడు. మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. లోపలి ఊలుకి ఉబ్బిన చొక్కా చేతులతో లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

"ఏసుకున్నాడు కదా వదినా" అన్నాను.

"నువ్వు సూసినావా? నాకైతే ఖాకీయే అగుపడింది" అంది.

ఎనిమిదింటి బస్సుకి నేను బయల్దేరుతుంటే వదిన ఫోన్ మోగింది. వీడియో కాల్. అన్నయ్య ఘాటీ పైన ఆగాడు. వెనక మంచు, వరసగా నాలుగైదు లారీలు, రోడ్డు పక్కనే నిలబడి టీ తాగుతున్న జనం. అన్నయ్య చేతిలోనూ గ్లాసుంది. ఆయన్ని ఎవరూ మేడమీదికి పంపలేదు.

"ఒసే, మాసెడ్డ సలిగున్నాది ఇక్కడ. నాకు మాత్రం ఎచ్చగున్నాది."

"అలాగా."

"నిజమే. బాగున్నాది."

వదిన ఫోను దగ్గరికి లాక్కుంది. "ఏటి బాగున్నాది బావా?"

అన్నయ్య ఇరుకున పడ్డాడు. గ్లాసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. "ఆ జడలవీ" అన్నాడు.

"అయితే సొక్కా గుండీలు ఇప్పు."

"ఇక్కడేటే! జనం ఉన్నారు."

"ఉండనీ. జనం లేని సోట ఇప్పమనలేదు."

"ఒక సెయ్యి పసుపు కదే. నవ్వుతారు."

"నువ్వు నవ్వినావు కదా, నానేటైనా సచ్చిపోనానా? ఎవరల్లినారని అడుగుతారు. సెప్పు."

అన్నయ్య అటూ ఇటూ చూశాడు. గ్లాసు లారీ బంపరు మీద పెట్టాడు. మెడ దగ్గర గుండీ తీశాడు. వెనకనుంచి ఎవరో "ఏటి గురూ, సలిలో సొక్కా ఇప్పుతున్నావు?" అన్న మాట వినిపించింది. రెండో గుండీ మీద వేళ్ళు పెట్టాడు. మీగడరంగు ఒక వేలెడు కనిపించింది.

బొమ్మ అక్కడ ఆగిపోయింది. ఘాటీ మీద సిగ్నలు ఎప్పుడూ అంతే.

వదిన మళ్ళీ చేసింది. అందుబాటులో లేడన్నారు. మళ్ళీ చేసింది. నా బస్సు వీధి చివర హారను కొట్టింది.

"ఇప్పి ఉంటాడులే వదినా" అన్నాను.

"నువ్వెల్లు, బస్సు పోతాది" అని, ఆవిడ మళ్ళీ నంబరు నొక్కింది.