నాలుగో బెడ్ మీద నా ఇంటర్వ్యూ

ఉద్యోగం కోసం ఆసుపత్రికి వెళ్లినవాళ్లు ఉద్యోగంతో తిరిగొస్తారు, లేదంటే ఉత్త చేతులతో తిరిగొస్తారు. నేను మాత్రం పేషెంటునై మంచమెక్కాను. ఎవరూ బలవంతంగా ఎక్కించలేదు. నా కాళ్లతో నేనే నడిచి వెళ్లి, అడిగినవాటన్నిటికీ వినయంగా జవాబులు చెప్పి మరీ ఎక్కాను. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి మీద మండాలో మాత్రం తేల్చుకోలేకపోతున్నాను. విని మీరే చెప్పండి.

అప్పటికి నేను బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి, రిజిస్ట్రేషన్ కూడా చేయించుకుని ఆరు నెలలైంది. మా ఇల్లు పాతబస్తీలో, మొఘల్‌పురాలో. బాపు బస్ డిపోలో మెకానిక్. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. ఆ ఆరు నెలల్లో నేను ఎక్కని ఆసుపత్రి మెట్లు లేవు. ఎక్కడికి వెళ్లినా ఒకటే ప్రశ్న, ఎక్స్‌పీరియన్స్ ఎంత అని. లేదని చెబితే, తెచ్చుకుని రమ్మనేవారు, అదేదో మదీనా బజారు దగ్గర బండి మీద కుప్పపోసి అమ్ముతున్నట్టు. ఒకచోట ఏడాది ఊరికే పనిచేస్తే అప్పుడు ఆలోచిస్తామన్నారు. ఇంకోచోట నా మార్కులు చూసి తెగ మెచ్చుకుని, టీ ఇప్పించి, పంపేశారు. పంపేసినందుకంటే టీ ఇచ్చినందుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

కోపమంటే అలాంటి ఇలాంటి కోపం కాదు. పొద్దున పళ్లు తోముకుంటుంటే కోపం, అన్నం తింటుంటే కోపం. మా గల్లీ చివర గాజుల దుకాణం యూసుఫ్ భాయ్ పాపం ప్రేమగానే, నౌకరీ దొరికిందా బేటా అని అడిగేవాడు. ఆయన దుకాణంలో గాజులన్నీ ఒక్కొక్కటిగా నేలకేసి కొట్టాలనిపించేది. బాపు కూడా నాతో మాట్లాడబోయే ముందు గుమ్మంలో నిలబడి నా మొహం చూసేవాడు, వేడెక్కిన బస్సు రేడియేటరు మూత ఇప్పుడు తీయొచ్చా, ఇంకాసేపు ఆగాలా అన్నట్టు.

అలాంటి రోజుల్లో బార్కస్ వెళ్లే దారిలో ఉన్న ఒక ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. స్టాఫ్ నర్సులు కావాలట, మర్నాడు పది గంటలకు ఇంటర్వ్యూ అట, రిసెప్షన్‌లో అడగమన్నారు. ఆ పొద్దున కంగారులో నేనేమీ తినలేదు. ఆటో ఫలక్‌నుమా దాటగానే ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. డ్రైవర్ పావుగంట సేపు హారన్ కొడుతూనే ఉన్నాడు. హారన్‌తో బండ్లు కరిగిపోతాయా అని అతనితో లొల్లి పెట్టుకుని, దిగి, ఫైలు నెత్తిన అడ్డం పెట్టుకుని మే నెల ఎండలో కిలోమీటరు పైగా నడిచాను. ఆసుపత్రిలోకి అడుగుపెట్టేసరికి చెమటతో ముద్దైపోయాను. మొహం కందగడ్డలా ఉంది. రొప్పుతున్నాను. బయటి నుంచి చూసేవాళ్లకు నేను ఎలా కనిపించి ఉంటానో ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు కాలేదు.

రిసెప్షన్‌లో ఉన్నతను ఒక చెవికి ఫోను ఆనించుకుని, తల ఎత్తకుండానే పేరు అడిగాడు. సుజాత అన్నాను. వయసు అడిగితే ఇరవై మూడన్నాను. ఇంటి ఫోన్ నంబరు అడిగితే బాపుది చెప్పాను.

"నయానా, పురానానా?" అన్నాడు.

అతను అడిగింది కొత్త పేషెంటా, పాత పేషెంటా అని. నాకు వినిపించింది ఫ్రెషర్‌వా, అనుభవం ఉన్నదానివా అని. ఆరు నెలలుగా అదే ప్రశ్న తిన్న ప్రాణం కదా. గట్టిగా ఊపిరి తీసుకుని, "నయానే. అయితే ఏంది?" అన్నాను.

అతను మొదటిసారి తలెత్తి నన్ను చూశాడు. ఒక చీటీ చింపి ఇచ్చి, మూడో గదికి వెళ్లమన్నాడు. నా అనుభవం గురించి ఇంకో మాట అడగని మొదటి ఆసుపత్రి అది. అతని మీద నాకు గౌరవం కలిగింది.

మూడో గదిలో ఒకమ్మాయి నన్ను కూర్చోబెట్టి బీపీ పట్టీ చుట్టింది. అక్కడే నా బుర్ర తప్పు దారి పట్టింది. ఉద్యోగంలో చేర్చుకునే ముందు మెడికల్ పరీక్ష చేస్తారు. మెడికల్ చేస్తున్నారంటే దాదాపు తీసుకున్నట్టే. ఇంటర్వ్యూ చేయకుండానే తీసుకున్నారంటే నా మార్కులు చూసే ఉంటారు అనుకున్నాను. నా ఫైలు నా ఒళ్లోనే ఉంది, ఎవరూ తెరవలేదు అన్న సంగతి నాకు తట్టలేదు.

"ఏం ప్రాబ్లమ్?" అంది ఆ అమ్మాయి.

"ఏం చెప్పాలె అక్కా. ఆరు నెలల సంది తిరుగుతున్న."

"ఏంది, తలనా?"

"తల తిరిగేదాకా తిరిగిన."

ఆమె జాలిగా చూసి కాగితం మీద ఏదో రాసింది. అక్కడి నుంచి డాక్టరు గదికి పంపారు. ఆయన పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడాడు. నిద్ర పడుతోందా అన్నాడు. ఉద్యోగం లేనివాళ్లకు నిద్రెలా పడుతుంది సర్ అన్నాను. కోపం వస్తుందా అంటే, చాలా వస్తుందన్నాను. ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా అంటే, మా బాపు చాలా శాంతస్వభావి అని సర్టిఫికెట్ ఇచ్చాను. నర్సు ఉద్యోగానికి మనిషి తీరు కూడా చూస్తారు కాబోలు, ఎంత పద్ధతి గల ఆసుపత్రి అనుకున్నాను. ఇంత చిన్న వయసులో బీపీ నూట అరవై ఏమిటమ్మా అని ఆయన నిట్టూర్చి, రక్తం తీయమని, ఈసీజీ చేయమని రాసి, పక్కనున్న నర్సుతో, సాయంత్రం దాకా అబ్జర్వేషన్‌లో పెట్టమన్నాడు.

అబ్జర్వేషన్ అన్న మాట నా చెవిలో తేనెలా పడింది. కొత్తగా చేరినవాళ్లను కొన్నాళ్లు గమనిస్తారు కదా, అదే అనుకున్నాను. వరండాలోకి వచ్చి బాపుకు ఫోన్ చేశాను.

"మెడికల్ అయితుంది బాపు. సాయంత్రం దాక అబ్జర్వేషన్ అంట."

"అంటే తీసుకున్నట్టే గద బిడ్డా."

"తీసుకున్నట్టే."

 ఫోన్ పెట్టేశాక ఆయనేం చేశాడో నాకు సాయంత్రం తెలిసింది. అరగంటలో డిపోలో సగం మందికి, మా గల్లీలో అందరికీ జిలేబీలు పంచేశాడు.

రక్తం తీసి, ఈసీజీ చేశాక నన్ను ఆడవాళ్ల వార్డుకు తీసుకెళ్లి నాలుగో బెడ్ చూపించారు. నేను పడుకోలేదు. గమనిస్తున్నారు కదా. ఐదో బెడ్‌లో యాభై ఏళ్లు పైబడిన ఒకావిడ మూలుగుతుంటే తలగడ సరిచేశాను. ఇంకొకరి సెలైన్ ఆగిపోతే పైపు మడత తీసి, చుక్కలు పడేలా చేశాను. వార్డులో ఉన్న ఒకే ఒక్క నర్సు శైలజక్క. ఇరవై మంది పేషెంట్ల మధ్య బొంగరంలా తిరుగుతోంది. నన్ను చూసి, నీ బెడ్ మీద పండు తల్లీ, నీకే బాగలేదు అంది. ఇది పరీక్షలో భాగమే, చెప్పిన మాట వింటానో లేదో చూస్తున్నారు అనుకుని వెళ్లి పడుకున్నాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

పన్నెండున్నర ప్రాంతంలో శైలజక్క సిరంజి పట్టుకుని నా దగ్గరికొచ్చింది. సుజాతేనా అంది. అవునన్నాను. ఆసుపత్రిలో చేరే నర్సులకు కామెర్ల టీకా వేస్తారు. అదే అయి ఉంటుందని ఉత్సాహంగా చేయి చాపాను. అప్పుడు కనిపించింది సిరంజి. సన్నగా, నారింజ రంగు మూతతో ఉంది. అది ఇన్సులిన్ సిరంజి. చేయి వెనక్కి లాక్కున్నాను.

"ఇదేంది అక్కా?"

"షుగర్ సూది. నీకు షుగర్ మూడొందల నలభై ఉంది."

నాకు షుగర్ లేదు. పైగా పొద్దుట్నుంచి మంచినీళ్లు తప్ప కడుపులో ఏమీ లేవు. ఆ సూది పడితే కాసేపట్లో స్పృహ తప్పుతాను, ఎవరూ చూసుకోకపోతే ప్రాణానికే ముప్పు. ఏ నర్సింగ్ విద్యార్థిని నిద్రలేపి అడిగినా ఇది చెబుతుంది. అయితే మీరు నమ్మరు, నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది. అసలు పరీక్ష ఇదే, తప్పు మందు ఇస్తున్నట్టు నటించి, కనిపెడతానో లేదో చూస్తున్నారు అనుకున్నాను. మంచం మీద లేచి కూర్చుని, మందు ఇచ్చేముందు పేషెంటు పేరు, వయసు, మందు, మోతాదు, సమయం అన్నీ సరిచూడాలని క్లాసులో పాఠం అప్పజెప్పినట్టు గడగడా అప్పజెప్పాను. శైలజక్క విసుక్కుంది. తల తిరుగుతున్నోళ్లు ఇట్లనే మాట్లాడతరు, జర ఊకో అని నా చేయి పట్టుకుంది. నేను విడిపించుకున్నాను. ఆమె మళ్లీ పట్టుకుంది. నాకు కోపం తన్నుకొచ్చింది. కాగితం చూపించే దాకా సూది ముట్టనివ్వనని వార్డు అదిరేలా అరిచాను.

ఆ అరుపుకు నర్సులందరికీ పెద్దైన మేట్రన్ వచ్చింది. రజియా మేడం. తెల్లజుట్టు, మందపాటి అద్దాలు. ఆమె నడిచొస్తుంటే మూలుగుతున్నవాళ్లు కూడా మూలగడం ఆపారు. కాగితాలు తీసుకుని చూసింది. ఆ షుగర్ రిపోర్టు నాది కాదు. ఐదో బెడ్‌లో ఉన్నావిడ పేరు సుజాతమ్మ. ఆమె రిపోర్టు నా కాగితాల్లో కలిసిపోయింది. శైలజక్క సిరంజికి మూత పెట్టేసి పక్కన పడేసింది. మొహం సున్నం కొట్టిన గోడలా అయింది.

నేను గర్వంగా అడిగాను. "పాసైననా మేడం?"

"దేంట్ల?"

"ఇంటర్వ్యూల."

రజియా మేడం అద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని నన్ను చూసింది. "నర్సుల ఇంటర్వ్యూ పై మంజిల్‌ల అయింది బేటా. పన్నెండింటికే ఖతం. నువ్వు పేషెంటువు."

 నయానా అన్న మాట, తిరుగుతున్న అన్న మాట, అబ్జర్వేషన్ అన్న మాట అన్నీ వరసగా వచ్చి నా చెంపలు వాయించి వెళ్లాయి. తర్వాత ఆరు నెలల కోపం ఒక్కసారిగా బయటికొచ్చింది. ఏడుస్తూ అరిచానో, అరుస్తూ ఏడ్చానో గుర్తులేదు. మాటలు మాత్రం గుర్తున్నాయి.

"ఇరవై మందికి ఒక్క నర్సును పెడతరు. ఆమె కండ్లు మూతలు పడంగ సూదులు పట్టుకొని ఉరుకుతది. గీడ మనుషులు కావాలె. బయట మేం ఖాళీగ ఉన్నం. వస్తే ఎక్స్‌పీరియన్స్ తెమ్మంటరు. మీరు లోపలికి రానియ్యకుంటే మాకది ఏడికెళ్లి వస్తది మేడం?"

శైలజక్క స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది. వరసగా రెండు డ్యూటీలు చేసిందట, పొద్దున రావాల్సిన అమ్మాయి మానేసిందట. ఆమె మీద నాకున్న కోపం కాస్తా ఎటో పోయింది. అది ఎవరి మీదకు పోవాలో తెలియక గది మధ్యలో తిరుగుతున్నట్టుగా ఉంది. రజియా మేడం నా వైపు చేయి చాపింది. నా ఫైలు అడిగి తీసుకుంది. నా మంచం అంచునే కూర్చుని ప్రతి కాగితమూ చదివింది. ఆ ఫైలును చివరి దాకా చదివిన మొదటి మనిషి ఆమె.

చదివాక, "పై మంజిల్‌ల ఈరోజు తొమ్మిది మంది వచ్చిన్రు," అంది. "వాళ్లల్ల ఎంతమంది సూది ఆపుతుండెనో నాకు తెల్వదు. నువ్వు ఆపినవ్. రేపు ఎనిమిదింటికి రా. పైవాళ్లతో నేను మాట్లాడుతా. నోరు మాత్రం జర తగ్గించు."

తగ్గిస్తానని మాటిచ్చాను. ఆమె నవ్వలేదు, నేనూ నవ్వలేదు. చెప్పులు వేసుకుని వెనక మెట్ల మీదుగా దిగి ఇంటికొచ్చేశాను. గల్లీలో అందరూ చేతులకు పాకం అంటించుకుని నాకు అభినందనలు చెప్పారు. జిలేబీలు ముందు, ఉద్యోగం తర్వాత వచ్చిందని ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు ఎనిమిదింటికి తెల్ల యూనిఫాం వేసుకుని వార్డులో నిలబడ్డాను. రాత్రి డ్యూటీ చేసిన నర్సు, నన్నెప్పుడూ చూడని మనిషి, ఒక్కో బెడ్ గురించి చెబుతూ నాకు అప్పగిస్తోంది. నేను బుద్ధిగా రాసుకుంటున్నాను. నాలుగో బెడ్ దగ్గర ఆగి, తలపట్టుకుంది.

"ఈ పేషెంట్‌తోని మస్తు పరేషానయింది. నిన్న డాక్టర్‌కు చెప్పకుంట పారిపోయింది. సెక్యూరిటీ అంత ఎతికిండ్రు. ఇంతకుముందే ఇంటికి ఫోన్ చేసిన. వాళ్ల బాపేమో, మా బిడ్డ మీ దవాఖానల్నే ఉన్నది, ఇంక ముప్పై ఏండ్లు ఆడ్నే ఉంటది అంటుండు. ఆయనకు గూడ ఒకసారి చూపియ్యాలె పాపం. సరే, నీ పేరేంది చెల్లె?"

అందువల్ల ఈ కథ వింటున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఈ జన్మలో ఏ ఆసుపత్రిలో అడుగుపెట్టినా నా పేరు చెప్పే ముందు, నాకే రోగమూ లేదని మూడుసార్లు స్పష్టంగా చెబుతాను. రోగం ఉన్న రోజున కూడా అదే చెబుతాను.