దేవత కనుబొమ్మ మీద గాటు

మా తోటికోడలికి అమ్మవారు కలలో కనిపించి తన బొమ్మ తానే గీయించుకుందని మా బంధువులు చెప్పుకుంటారు. తెనాలిలో ఏ పెళ్లికి వెళ్లినా ఈ కథ తెచ్చి నాకే చెబుతారు. కలా లేదు, పాడూ లేదు. ఆ బొమ్మతో ఆమె పడిన అవస్థ దగ్గరుండి చూసినదాన్ని నేను. పని చేసిన మనిషిని పక్కన పెట్టి పేరు కలకి కట్టబెడితే నాకు ఒళ్లు మండుతుంది.

ఆమెది రేపల్లెలో కాపురం, తెనాలిలో పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే షాపులో ఉద్యోగం. రోజూ రైల్లో వచ్చి, కంప్యూటర్ ముందు కూర్చుని, తెర మీద గీసే పెన్నుతో పెళ్లికూతుళ్ల మొటిమలూ మేనత్తల మెడ మడతలూ చెరిపేసేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక అదే పెన్నుతో తన లోకం గీసుకునేది. కాలువ లాకుల కింద కాపురముండే రాక్షసి, పీత కాళ్ల గుర్రం, తుఫాను రాత్రి ఆ రాక్షసితో పోరాడి ఊళ్లను కాపాడే దేవత. వీడియో గేములకి ఇలాంటి లోకాలు గీసే ఉద్యోగం సంపాదించాలని ఆమె కోరిక. నలభై దగ్గర పడుతుంటే ఇదేం సరదా అన్నవాళ్లలో మావారూ ఉన్నారు. ఆయనకి చెప్పాల్సింది నేను చెప్పాను.

బాపట్లలో ఒక కాలేజీ వేడుకకి హైదరాబాద్ నుంచి అలాంటి ఉద్యోగమే చేసే అమ్మాయి వస్తోందని, బొమ్మలు పట్టుకెళ్తే చూసి మంచీచెడూ చెబుతుందని తెలిసి ఇద్దరం వెళ్లాం. వరసలో మేం తప్ప అంతా విద్యార్థులే. ఆ అమ్మాయి ఒక్కో బొమ్మా చూసి తలెత్తింది.

"అక్కా, ఈ రాక్షసి ఏ పార్లర్‌కి వెళ్తుంది?"

మా తోటికోడలు బిత్తరపోయింది. నేనే అందుకున్నాను. "రాక్షసైతే మాత్రం శుభ్రంగా ఉండకూడదా ఏంటి?"

"ఉండొచ్చండి. కానీ కాలువ అడుగున ఉండేదానికి కాస్త నాచన్నా పట్టాలి కదండి. గుర్రానికి ఒక్క గీరుడు లేదు. అందరూ ఇప్పుడే ఫేషియల్ చేయించుకుని వచ్చినట్టున్నారు."

తిరుగు ప్రయాణంలో బస్సు కదిలిన దగ్గర్నుంచీ ఆ పిల్లని నేను తిడుతూనే ఉన్నాను. మా తోటికోడలు చాలాసేపు విని, "మీరు ఊరుకోండక్కా. ఆ అమ్మాయి చెప్పింది నిజమే. మచ్చ కనపడితే చాలు, నా చెయ్యి దానంతటదే తుడిచేస్తంది" అంది.

అంత మాట విని ఏడవకుండా, అలగకుండా, అందులో నిజమెంతో చూసుకోగల మనిషిని మా ఇంట్లో నేను ఇంకెవరినీ చూడలేదు. నన్ను కూడా కలుపుకునే చెబుతున్నాను.

అప్పటినుంచి రైల్లో ఆమె చూపు మారిపోయింది. భట్టిప్రోలులో ఎక్కే కూలీ ఆడవాళ్ల మడమల పగుళ్లు, టీ అమ్మేవాడి మోచేతి మీద కాలిన మచ్చ, ఏది దొరికితే అది గీసేది. షాపులో పగలంతా మచ్చలు చెరపడం, రైల్లో పోతూ వస్తూ మచ్చలు పెట్టడం. ఆదివారాలు నిజాంపట్నం రేవుకి పోయేది. ఒకసారి చేపల కంపుని తిట్టుకుంటూ నేనూ వెళ్లాను. ఒడ్డుకి లాగిన పాత పడవ అడుగుభాగాన్ని, అతుకుతో, తుప్పుతో, అంటుకున్న గుల్లలతో సహా గీస్తూ కూర్చుంది.

"ఇంతమంది మనుషులుంటే పడవని గీస్తావేం?"

"రాక్షసి వీపు ఇక్కడుందక్కా."

నిజంగానే ఉంది. కొత్త రాక్షసి వీపు మీద ఆ అతుకూ, తుప్పూ, గుల్లలూ అన్నీ కనిపించాయి.

హైదరాబాద్ అమ్మాయికి కొత్త బొమ్మలు పంపితే, ఫోన్లో వీడియో కాల్ చేసింది. నేను పక్కనే కూర్చున్నాను. "రాక్షసికి ప్రాణం వచ్చిందక్కా. కానీ దాని ఒంటినిండా దెబ్బలున్నాయి, రాత్రంతా దాంతో పోరాడిన దేవతకి జుట్టు కూడా చెదరలేదు. ఇది యుద్ధంలా లేదు, కట్టేసి కొట్టినట్టుంది. ఇదొక్కటీ సరిచేస్తే మా ఆఫీసులో చూపిస్తాను."

ఫోను పెట్టగానే నేను మొదలుపెట్టాను. "ఒక గాటు పెట్టెయ్, పనైపోద్ది."

"మీ మొహాన పెట్టుకోండక్కా. పగిలిన విగ్రహాన్ని మనం పూజలో ఉంచుతామా? దేవతకి దెబ్బెట్టా గీస్తాను?"

"పూజకెవరు గీయమన్నారు? ఉద్యోగానికి గీస్తున్నావు."

"నాకు రెండూ ఒకటే."

ఆమె మామూలు భక్తురాలు కాదు. శుక్రవారం ఉపవాసం, దేవతని గీసే రోజు తలస్నానం. ఎదురుచూసిన అవకాశం చేతి దాకా వస్తే, ఒక్క గీత దగ్గర ఆగిపోయింది. బొమ్మలో దేవత చీర చెంగు చింపి చూసింది. గాజులు పగలగొట్టింది. జుట్టు విరబోసింది. బాగానే ఉంది కదా అని నేనంటే, "దొంగపనిలా ఉందక్కా, అమ్మవారిని తప్పించి బట్టల్ని కొడుతున్నాను" అని తనే చెరిపేసింది. వారాలు గడిచాయి. ఉద్యోగమన్నా వదులుకో, పట్టుదలన్నా వదులుకో అని నేను విసుక్కున్నాను.

ఒక శుక్రవారం ఉదయం రేపల్లెలో వాళ్లింటికి వెళ్లేసరికి, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని గీస్తోంది. నా వైపు చూడకుండానే, "మనకోసం ఒక్క దెబ్బన్నా తినకపోతే, ఆవిడ మనల్ని కాపాడిందని ఏం చూసి నమ్మాలక్కా?" అంది. దేవత ఎడమ కనుబొమ్మని చీలుస్తూ గాటు పెట్టింది. గాటు కింద నెత్తురు, దాని మీద చెదిరిన కుంకుమ. ఏది ఏదో విడదీయలేం.

ఆ బొమ్మతోనే ఆమెకి ఇంటి దగ్గరుండి చేసుకునే పని వచ్చింది. ఆల్బమ్ షాపు మానేసింది. ఆమె భక్తి తగ్గిందేమోనని నేను కనిపెట్టి చూశాను, తగ్గలేదు.

కానీ అంతకుముందు ఏ దేవత బొమ్మ పూర్తయినా, తెరని వేళ్లతో తాకి కళ్లకద్దుకునేది. గాటు పెట్టిన ఆ శుక్రవారం మాత్రం అద్దుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, బొమ్మ వైపు ఊరికే చూస్తూ కూర్చుంది. ఎన్నిసార్లు అడిగినా నవ్వి, కాఫీ పెడతానని లేచిపోతుంది. గాటు పడ్డ దేవత దణ్ణానికి పనికిరాదనా, లేక అది తన చేతి పని అని మొదటిసారి తెలిసా, ఎందుకు ఆగిపోయింది?