ఆదివారం నాలుగింటి లాండ్రీ కథ

ప్రేమ కామెడీ సినిమాల మీద నాకు కొన్ని స్థిరమైన ఫిర్యాదులున్నాయి. హీరోయిన్ జీతానికీ ఆమె ఉండే ఇంటికీ పొంతన ఉండదు. అందరికీ ఆఫీసులుంటాయి గానీ ఎవరూ పని చెయ్యరు. ఒక్క ఫోన్‌కాల్‌తో తేలిపోయే అపార్థాన్ని గంటసేపు లాగుతారు. అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు విమానాశ్రయం సీను మీద. హీరో పరుగెత్తుకుంటూ వస్తాడు, సెక్యూరిటీ వాళ్లు ఆపుతారు, అతను బతిమాలతాడు.

నేనుండే అడిలైడ్‌లో ఆ అడ్డు కూడా లేదు. ఆస్ట్రేలియా లోపల తిరిగే విమానాలైతే, టికెట్ లేనివాళ్లు కూడా సంచీ స్కాన్ చేయించుకుని గేటు దాకా వెళ్లొచ్చు. నాతో కలిసి సినిమాలు చూసే అమ్మాయి డార్విన్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగానికి వెళ్లిన రోజు నేనూ అలాగే గేటు దాకా వెళ్లాను. ఎవరూ ఆపలేదు. కాఫీ తాగడానికి కూడా టైముంది. బోర్డింగ్‌కి పిలిచాక నేనన్న మాట ఇది:

"చార్జర్ పెట్టుకున్నవా?"

"పెట్టుకున్నా," అంది. వెనక ఉన్నవాళ్లందర్నీ ముందు పోనిచ్చి, చివర్లో వెళ్లిపోయింది.

అంతకుముందు మేమిద్దరం అడిలైడ్ శివారు మాసన్ లేక్స్‌లో ఒకే అద్దె ఇంట్లో వేర్వేరు గదుల్లో ఉండేవాళ్లం. ఆమెది తెనాలి వైపు, మాది సిద్దిపేట వైపు. నర్సింగ్ చదువుతోంది కాబట్టి ఇంట్లో కుర్రాళ్లంతా ఆమెను సిస్టర్ అనేవాళ్లు. నేను మాత్రం ఏమనీ పిలిచేవాణ్ని కాదు. ఏదైనా చెప్పాలంటే ఎదురుగా వెళ్లి నిలబడేవాణ్ని. ఆదివారం మధ్యాహ్నాలు హాల్లో పాత సోఫా మీద సినిమాలు చూడటం అప్పుడే అలవాటైంది.

నేను తప్పులు ఎంచుతుంటే, "ఇంజనీరు గారూ, సినిమా చూడ్డానికొచ్చారా, ఇన్‌స్పెక్షన్‌కొచ్చారా?" అనేది.

"అంత పెద్ద ఇల్లు ఆ జీతంతోని ఎట్లొస్తది, నువ్వే చెప్పు."

"ఇంటి సంగతి వదిలెయ్. మనసులో మాట చెప్పడానికి వాడికి సినిమా అంతా పట్టింది చూడు, దానికి కోసెయ్ మార్కులు."

ఆమె వెళ్లాక ఒక సిరీస్ పట్టుకున్నాం. నవ్విస్తూనే మధ్యలో ఏడిపించే రకం. సముద్రం ఒడ్డున చిన్న ఊళ్లో లాండ్రీ నడిపే నడివయసు ఆవిడ, వారం వారం బట్టల సంచీతో అక్కడికి వచ్చే డ్రైవింగ్ మాస్టారు. ఆదివారానికి ఒక్క భాగమే చూడాలి. ఎవరింట్లో వాళ్లు నాలుగింటికి మొదలుపెట్టాలి. అయిపోయాక అయిదింటికి నేను ఫోన్ చెయ్యాలి. మా అభిప్రాయాలు తేలాక ఆమె నైట్ డ్యూటీకి తయారయ్యేది.

"ఆ మాస్టారు తెచ్చేవి ఉతికిన బట్టలే, చూశావా?" అంది ఒకసారి.

చూడలేదు. వెనక్కి తిప్పితే నిజమే, చొక్కాల మీద ఇస్త్రీ మడతలు కనిపిస్తున్నాయి. అంత చిన్న ఊళ్లో అన్ని వాషింగ్ మెషిన్లు గిట్టుబాటు కావని మాత్రం మొదటివారమే పట్టేశాను.

చివరి భాగం అక్టోబరు మొదటి ఆదివారం పడింది. ఆ వారమంతా నాకు ఒకటే దిగులు. సిరీస్ అయిపోతే ఫోన్ చెయ్యడానికి కారణం ఉండదు. చూసినవాటి గురించి తప్ప మేం ఇంకేం మాట్లాడుకున్నాం గనక? కారణం లేకున్నా చేస్తానని ఆ రోజు చెప్పెయ్యాలి. చెప్పాల్సిన వాక్యం కూడా తయారు చేసుకున్నాను.

కథ చివర్లో ఆవిడ లాండ్రీ అమ్మేస్తుంది. మెషిన్లన్నీ వెళ్లిపోయిన షాపు ముందుకు మాస్టారు సంచీ పట్టుకుని వస్తాడు. ఆవిడ షట్టర్ ఎత్తుతుంది. అంతే. ఒక్క మాట లేదు.

అయిదింటికి ఫోన్ చేశాను. ఆమె ఎత్తగానే, "షట్టర్ లేపి ఏం ఫాయిదా, లోపల మెషిన్లే లేకపాయె," అన్నాను.

"ఏ షట్టరు?" అంది. "నేనింకా మొదలే పెట్టలేదు. ఇప్పుడేగా నాలుగైంది."

ఎండాకాలం వస్తోందని ఏటా జరిపినట్టే, ఆ తెల్లవారుజామునే మా దగ్గర గడియారాలు గంట ముందుకు జరిగాయి. అప్పటిదాకా మాతో ఒకే టైమున్న డార్విన్‌లో ఎప్పుడూ జరపరు. నా ఫోన్ దానంతటదే మారిపోయింది. మారనిది వంటింట్లో మైక్రోవేవ్ మీది గడియారం ఒక్కటే. వేర్వేరు ఊళ్ల కంప్యూటర్లన్నీ ఒకే టైము చూపించేలా చెయ్యడం టెక్నాలజీ పార్కులో నా ఉద్యోగం.

"చెప్పేశావుగా ముగింపంతా."

"సారీ. గంట సంగతే యాదికి రాలె."

"ఇప్పుడు పెట్టెయ్యకు మరి. నేను చూస్తా. నువ్వు నోరు తెరిచావంటే చూడు."

ఆమె చూసింది, నేను విన్నాను. వాన ఇంకా పడని ఉక్కలో అక్కడి ఫ్యాను గిరగిరా తిరుగుతున్న చప్పుడు. నేను ఒక్కసారి కూడా నవ్వని చోట ఆమె రెండుసార్లు నవ్వింది. నేను తప్పు పట్టిన చోట ఊపిరి బిగబట్టింది. చివరికి షట్టర్ లేస్తున్న శబ్దం వినిపించింది. అది నాకు తెలిసిన సీనే. అయినా నేను కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాను. ఆమె ముక్కు ఎగబీల్చింది.

"లోపల మెషిన్లు లేవని ఆయనకి తెలుసు," అంది. "ఆవిడకీ తెలుసు. అందుకే ఎత్తింది."

నేను తయారు చేసుకున్న వాక్యం మరీ పొడుగ్గా తోచింది.

"వచ్చే ఆదివారం చూడనీకి ఏం లేదు," అన్నాను. "అయినా ఫోన్ చేస్త."

ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"ఎన్నింటికి? నీ అయిదింటికా, నా అయిదింటికా?"

"నీ అయిదింటికి."

"సరే. డ్యూటీకి టైమవుతోంది," అని పెట్టేసింది.

మర్నాడు మా ఇంట్లో ఉండే కుర్రాడు మైక్రోవేవ్ మీది టైము సరిచెయ్యబోయాడు. "బ్రో, ఇది వన్ అవర్ స్లో ఉంది."

"ఉండనీ," అన్నాను.

ఇప్పటికీ అలాగే ఉంది. పొద్దున టీ వేడి చేసుకుంటూ దాని వైపు చూస్తాను, ఆమె డ్యూటీ దిగి ఇల్లు చేరే వేళయిందా అని.