ఇంటిపేరు లేని మేనత్త

మొన్న ఆదివారం చర్చి నుంచి ఇంటికి వచ్చేసరికి మా మనవరాలు కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చుంది. నల్లమద్ది బెరడు గాయాన్ని ఎట్లా మాన్పుతుందో రెండేళ్లు పరిశోధించి రాసిన వ్యాసాన్ని సైన్సు పత్రిక వాళ్లు చదవకుండానే తిప్పి పంపారట. ఏ మాట ఎవరి దగ్గర తీసుకున్నామో చెప్పే జాబితా ఒకటి చివర్లో ఉంటుంది, రిఫరెన్సులు అంటారు, అది వాళ్ల పద్ధతిలో లేదట. ముందు ఇంటిపేరు నిండుగా, తర్వాత కామా, తర్వాత అసలు పేరులో మొదటి అక్షరం ఒక్కటే, దానికొక చుక్క, ఆ వెనక బ్రాకెట్లో సంవత్సరం.

"గింత చుక్కకు గంత కోపమా వాళ్లకు?" అన్నాను.

"నవ్వకు అమ్మమ్మా. చాతనైతే నువ్వే చూడు" అని కాగితాల కట్ట నా ఒళ్లో పడేసింది.

చూశాను. నాకు అక్షరాలు వచ్చింది నలభై అయిదు దాటాక. బొగ్గుగని కాలనీలో పాస్టరమ్మ చర్చి వరండాలో కూర్చోబెట్టి తెలుగూ, ఆ వెనక ఇంగ్లీషు అక్షరాలూ నేర్పింది. మొదటి పలకను మా ఆయన నా భుజం మీదే పగలగొట్టాడు, రెండోది నా కూలి డబ్బుతో నేనే కొనుక్కున్నాను. అట్లా ముదిరాక చదువు నేర్చిన మన వయసు ఆడవాళ్లకు తెలుస్తుంది, మాటను మాటగా చదవడం మనకు చివరిదాకా రాదు, ఒక్కో గీతనూ ఒక్కో చుక్కనూ తడుముకుంటూ పోతాం. పైగా బెల్టు మీద కదిలిపోయే బొగ్గులోంచి ఏళ్ల తరబడి రాళ్లు ఏరిన కళ్లు నావి. అర్థం ఒక్క ముక్క తెలియకుండానే, ఎక్కడ కామా జారిందో, ఎక్కడ చుక్క బ్రాకెట్ లోపలికి దూరిందో సాయంత్రానికల్లా ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి ఇచ్చాను.

అప్పుడు మనవరాలు మురిసిపోతూ తెర మీద ఒక చోటు చూపించింది. బెరడు నూరే పద్ధతి తనకు చెప్పింది నేనే కదా, అచ్చులో లేని మాటను నోటితో చెప్పినవాళ్ల పేరు వ్యాసం మధ్యలోనే బ్రాకెట్లో అదే పద్ధతిలో రాస్తారట. అక్కడ నా పేరుంది.

"అది నాది కాదు. కొట్టెయ్" అన్నాను.

"మరి నీకెవరు చెప్పిండ్రు? పేరు చెప్పు."

పిల్ల మామూలుగానే అడిగింది. నా వీపు మాత్రం మంటెత్తినట్టయింది. ఇదే మాట నన్ను అరవై ఏళ్ల కింద ఒకడు అడిగాడు.

మా ఊరు ఏన్కూరు అవతల, అడవి మొదలయ్యే చోట ఉండేది. మా నాన్న చెల్లెలిని ఆ ఊళ్లోనే ఇచ్చారు. భర్త పోయాక ఆమె మరుదుల వాకిలి పక్కన చిన్న గుడిసెలో ఉండేది. కొంగులో తునికిపళ్లు మూటగట్టి తెచ్చి నాకు పెట్టేది, తమలపాకుతో ఎర్రబడ్డ పళ్లన్నీ కనిపించేలా పెద్దగా నవ్వేది, ఊళ్లో సగం కాన్పులు ఆమె చేతి మీదే అయ్యాయి. ఇప్పటికీ తడి బెరడు వాసన తగిలితే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ నవ్వే.

ఒకనాడు ఆమె చిన్నమరిది కూతురు కొడవలి మీద కాలేసింది. దవాఖానాకు ఒక పూట నడక. అత్త మద్దిబెరడు మందు నూరి నా చేతిలో పెట్టి, "నేనిచ్చిన్నని చెప్పకే బిడ్డా. మంత్రాలు చేస్తనని మరుదులు ముందే నా మీద కన్నేసి ఉన్నరు" అంది. నేనే కట్టాను. గాయం మానింది. నెల తిరగకముందే ఆ పిల్ల ఏదో జ్వరంతో చనిపోయింది.

మట్టి చేసి వచ్చిన మధ్యాహ్నమే ఆ మరిది నన్ను కళ్లంలోకి ఈడ్చుకుపోయి, నా జడ పిడికిలికి చుట్టుకున్నాడు. "మందు ఎవరిచ్చిండ్రే? పేరు చెప్పు!" అన్నాడు. మొదటి దెబ్బకు చెప్పలేదు. రెండో దెబ్బకు చెప్పలేదు. మూడోసారి ముల్లుగర్ర మొన వీపులో దిగింది. అత్త పేరు చెప్పాను. నాకప్పుడు పదకొండేళ్లు.

ఆమెను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి బండిచక్రానికి కట్టేశారు. బాణామతి చేసే నోరు ఇదేనన్నారు, పళ్లుంటేనే మంత్రం పలుకుతుందన్నారు. అన్నదమ్ములు ముగ్గురూ వంతులేసుకుని రాయితో ఆమె ముందుపళ్లు ఊడగొట్టారు. రాయి పంటికి తగిలే చప్పుడు పచ్చి కట్టె విరిగినట్టు ఉంటుంది. ఆమె కాన్పులు చేసిన ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని చూశారు. మా నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నెత్తురు ఆమె గడ్డం మీదుగా, రొమ్ముల మీదుగా, చక్రం కర్రల మీదుగా కారి గడ్డిలోకి ఇంకింది. అలసిపోయాక వాళ్లు చేతులు కడుక్కుని అన్నానికి వెళ్లారు.

మర్నాడు పొద్దున నేనొక్కదాన్నే అడవిలోకి పోయి మద్దిబెరడు కోసుకొచ్చాను. నూరడం సరిగ్గా రాలేదు. వాచిన మొహంతో గోడకు ఆనుకుని కూర్చున్న అత్త నోరు తెరవలేక, నా చేతి మీద చెయ్యి వేసి నడిపించింది. పై పెచ్చు తీసెయ్యాలని, నాలుగు వేళ్ల వెడల్పు చాలని, వెన్నలా అయ్యేదాకా రాయి ఆపకూడదని, అంతా చేతితోనే చెప్పింది. ఈ రోజు మనవరాలి వ్యాసంలో పద్ధతి అన్న శీర్షిక కింద ఉన్నదంతా ఆ పొద్దుటి పాఠమే.

చిగుళ్లు మానాక మా నాన్న ఆమెను బోనకల్ స్టేషన్లో రైలెక్కించి వచ్చాడు. ఎర్రుపాలెం దిక్కున మిరపతోటల్లో కూలి చేసుకుని, అక్కడే పోయింది. మధ్యలో రెండుసార్లు చూశాను. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది. ఆ తర్వాత ఆమె పేరు నేను మా ఆయనకు చెప్పలేదు, కన్నబిడ్డకు చెప్పలేదు, ప్రార్థనలో కూడా పలకలేదు.

మొన్న మనవరాలికి ఇదంతా చెప్పి, చివర పేరు కూడా చెప్పాను. పిల్ల తెర మీద నా పేరు చెరిపేసింది. తర్వాత మెల్లగా అడిగింది, "ఆమె ఇంటిపేరు ఏంది అమ్మమ్మా?"

సాయంత్రందాకా నేను దిద్దిన పద్ధతి అప్పుడు గుర్తొచ్చింది. ఇంటిపేరు నిండుగా, ఆమె పేరు ఒక్క అక్షరం. ఆ ఇంటిపేరు రాయి పట్టినవాళ్లది. నా చేతిలో ఎర్ర పెన్ను కాగితాన్ని చీల్చుకుని కిందికి దిగింది.

"కొట్టినోళ్ల పేరు నిండుగ, ఆమెది ఒక్క అచ్చరమా? గట్లయితే నీ వ్యాసమే వద్దు, చింపెయ్!"

"ఆగవే, జల్దీ పడకు" అని పత్రిక వాళ్ల నియమాలన్నీ తిరగేసింది. "అవ్, ఉంది. ఒక్కటే పేరున్నోళ్లకు పేరు మొత్తం రాయొచ్చట" అని, కంప్యూటర్ నా ముందుకు జరిపింది.

ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నేనే కొట్టాను. ముత్తమ్మ. ఆ పక్కన మనవరాలు, ఆమె మేనకోడలి ద్వారా, అని చేర్చింది.

"చుక్క యాడ పెట్టాలె?" అన్నాను.

"కురచ చేసిన పేరుకే చుక్క. ఆమెకు వద్దు."

ఇప్పుడు ఆ దిక్కున మద్దిచెట్లు పలచబడ్డాయి, కళ్లం ఉన్నచోట సెల్ టవర్ లేచిందట. ఎక్కడో దూరదేశంలో ఆ వ్యాసం చదివేవాళ్లకు ముత్తమ్మ ఎవరో తెలియదు, ఆమె ఎట్లా నవ్వేదో తెలియదు, తెలియకుండానే ఆ పేరు దాటి పక్క వాక్యంలోకి పోతారు. పోనీ. ఆనాడు ఆమె పేరు నా నోట్లోంచి రావడానికి మూడు దెబ్బలు పట్టింది, మొన్న ఎవరూ చెయ్యెత్తకుండానే చెప్పాను. మారింది ఇంతే. ఇది మారేసరికి, విని నన్ను తిట్టడానికి ఆమె లేదు.