మొగ్గలో లేచిన గోడలు

కంబదూరు దగ్గర టమోటా విత్తనాల తోటలో తిప్పక్క రోజూ పొద్దున్నే మగమొక్కల పూల పుప్పొడిని వేళ్ళ మధ్య నలిపి చూసి, ఆ తర్వాతే ఆడమొక్కల పూలకు అంటిస్తుంది. ఆ మే నెలలో ఒకరోజు పొడి జిగటగా తగిలింది. "ఇది సచ్చిపోయిండాది. అంటిస్తే కాయ నిలబడదు" అని పని ఆపేసింది. తోట చూసుకునే హరిత మైక్రోస్కోపులో చూసి దిగులు పడింది.

"నిజమే అక్కా. పుప్పొడి మొగ్గలో ఉండంగానే దాని చుట్టూ ఉండే పొర కరిగిపోయి, రేణువు రేణువుకూ గోడ కడతాది. ఈ ఎండకు ఆ పొర ముందే మాడిపోయిండాది. ఇంక తోటంతా దండగే."

తిప్పక్క ఇంట్లో ఉన్న పాత చీరలన్నీ తెచ్చి మగమొక్కల మీద పందిరి వేసింది. మధ్యాహ్నాలు ఆ రంగురంగుల నీడలో కూర్చుని, కొత్త మొగ్గలకు చెవి ఆనించి కళ్ళు మూసుకునేది. పన్నెండోనాడు హరిత మళ్ళీ చూసి, "గోడలు నిలబడినాయక్కా!" అని కేక పెట్టింది.

"నాకు తెలుసులేమ్మా," అంది తిప్పక్క, "నిన్న సందేళకే గోడ కట్టే సద్దు ఆగిపోయినాది."