చెప్పులు వదిలేసి వచ్చిన ఇల్లు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే, ముందు ఆ ఇంటి నీళ్ళ పైపులు ఎక్కడున్నాయని అడిగే మనిషిని నేను. నా పనే అలాంటిది. చింతామణిలో ఉంటాను, సివిల్ ఇంజనీరుని. బ్యాంకులు లోను ఇచ్చే ముందు ఇంటి విలువ కట్టి చెప్పమని నన్ను పంపుతాయి. పాడుబడ్డ ఇళ్ళు, ఉరేసుకున్నారని ఊరంతా తప్పుకుపోయే ఇళ్ళు, అన్నిట్లోకి ఒక్కణ్ణే పోయి కొలతలు తీసుకుని వచ్చాను. ఎక్కడా నాకు చీమ కుట్టినట్టైనా లేదు. అందుకే ఈ సంగతి చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

పోయిన ఎండాకాలం బాగేపల్లిలో ఒక చిన్న ఇల్లు చూడటానికి వెళ్ళాను. అన్నదమ్ములిద్దరు కలిసి కట్టుకున్న జంట ఇల్లు. మధ్యలో ఒకటే గోడ. అటు అన్న భాగం, ఇటు తమ్ముడి భాగం. తమ్ముడు వెంకటప్ప తన భాగం అమ్ముతున్నాడు. గౌరిబిదనూరు నుంచి బదిలీ మీద వస్తున్న ఒక మేష్టరు లోను తీసుకుని కొంటున్నాడు.

వెంకటప్పకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు చిక్కబళ్ళాపురానికి బస్సులో పోయి డయాలిసిస్ చేయించుకుంటాడు. తిరిగొచ్చేటప్పుడు సీటు దొరక్కపోతే బస్సులో కిందే కూలబడతాడట. ఇల్లమ్మి, ఆసుపత్రి పక్కన ఒక గది తీసుకుంటే చాలు, ఈ బస్సు బాధ తప్పుతుందని ఆయన భార్య రత్నమ్మ నాకు గుమ్మంలోనే చెప్పింది. ఆయన నడవలో మంచం మీద కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు.

ముందు చుట్టుపక్కల చూసుకున్నాను. సందులో కారు తిరగదు. కానీ మురుగునీటి మోరీ శుభ్రంగా ఉంది, వీధి కొళాయి దగ్గరే, బస్టాండుకు నడిచిపోవచ్చు. మంచి ఇల్లే అనుకున్నాను.

తర్వాత లోపల. ఇల్లు ఎంత వేడెక్కుతుంది, ఫ్యాన్లకీ కూలర్లకీ కరెంటు ఎంత కాలుతుంది అన్నది కూడా రాయమంటారు ఈ బ్యాంకువాళ్ళు. గోడకు గురిపెడితే వేడి ఎంతో చూపించే చిన్న గన్ను ఒకటి నా దగ్గర ఉంటుంది. మిట్టమధ్యాహ్నం కదా, పైకప్పు, పడమటి గోడ పెనంలా కాలుతున్నాయి. మధ్య గోడ చల్లగా ఉంది. ఎండ తగలని గోడ, చల్లగానే ఉండాలి. కానీ ఒక్కచోట, నా ఛాతీ ఎత్తున, పళ్ళెమంత మేర వెచ్చగా చూపించింది. చెయ్యి పెట్టి చూశాను. మనిషి ఒంటిమీద చెయ్యి వేసినట్టు ఉంది.

అటువైపు పొయ్యి ఉందేమో అనుకున్నాను. పూత లోపల బోలుగా ఉందేమో తెలియడానికి మేం గోడను వేలి కణుపులతో తట్టి వింటాం. అలవాటుగా తట్టాను. అటునుంచి ఎవరో తట్టారు. పిల్లల ఆటలే అనుకుని, ఈసారి కావాలని ఆగి ఆగి, అడ్డదిడ్డంగా తట్టాను. అచ్చం అలాగే జవాబొచ్చింది.

పక్కింట్లో ఎవరుంటారని రత్నమ్మను అడిగాను. ఎవరూ లేరంది. బావగారు ఎప్పుడో పోయాడు, తోడికోడలు కిందటేడు పోయింది, వాళ్ళ పిల్లలు తాళం వేసి బెంగళూరులో ఉన్నారు.

నమ్మలేదు. బయటికి పోయి చూశాను. తాళం తుప్పుపట్టి ఉంది. కిటికీ సందులోంచి చూస్తే ఖాళీ గది. నేలమీద దుమ్ము మందంగా పరుచుకుని ఉంది, ఒక్క అడుగు గుర్తు లేదు. మధ్య గోడ దగ్గర పొయ్యి లేదు, పైపు లేదు, కరెంటు తీగ లేదు. ఎలుకల పనై ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకుని లోపలికొచ్చి, మళ్ళీ ఆ వెచ్చటి చోట అరచెయ్యి ఆనించాను.

ఈసారి నేను తట్టలేదు. సరిగ్గా నా అరచేతి కింద తట్టారు.

అంతే. మళ్ళీ తెలివొచ్చేసరికి వీధి కొళాయి దగ్గర ఉన్నాను. కాళ్ళకు చెప్పుల్లేవు. బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళంతా నన్నే చూస్తున్నారు. ఏమైందప్పా అని ఎవరో అడిగారు.

నా వెనకే రత్నమ్మ వచ్చింది. ఒక చేతిలో నా టేపు, గన్ను. ఇంకో చేతిలో నా చెప్పులు. మా అమ్మ వయసు మనిషి, అంతమందిలో వంగి ఆ చెప్పులు నా కాళ్ళ దగ్గర పెట్టింది. నా ఒంటిమీద చెమట ఇంకా ఆరలేదు, తల ఎత్తలేకపోయాను.

"భయపడొద్దప్పా, అది మా తోడికోడలు అక్క," అంది మెల్లగా. "ఆడ ముందు రెండుపక్కలా తెరిచిన గూడుండె. చారు కాగితే గోడ తట్టి, ఆ గూట్లోనుంచి గిన్నె ఇచ్చుకుంటా ఉంటిమి. ఆయమ్మ పోయినాంక పిల్లోళ్ళు మూసేసిరి. ఎవురినీ ఏమీ చేయదు."

నా ధైర్యం కోసం చెప్పిన మాట అది. కొళాయి దగ్గరున్న వాళ్ళందరూ విన్నారు. సాయంత్రానికి వీధి వీధంతా పాకిపోయింది.

రిపోర్టులో ఇంటికి రావలసిన విలువే రాశాను, పైసా తగ్గించలేదు. లోను కూడా మంజూరైంది. అప్పుడు మేష్టరు ఫోన్ చేసి, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తారంట కదా సార్, నిజమేనా అని నవ్వుతూ అడిగాడు. అబద్ధం అంటే సరిపోయేది. రిపోర్టులో అంతా రాశాను సార్ అని ఫోను పెట్టేశాను. ఆయన ఆ ఇల్లు కొనలేదు. ఆ తర్వాత చూడటానికి కూడా ఎవరూ రాలేదట.

ఆ వెచ్చదనం ఏమిటో, ఆ చప్పుడు ఏమిటో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. తోటి ఇంజనీర్లను అడుగుదామంటే నామోషీ.

కొన్నాళ్ళ క్రితం చిక్కబళ్ళాపురం బస్టాండులో రత్నమ్మ కనిపించింది. తప్పుకుందామనుకున్నాను, ఈలోపే చూసేసింది. పక్కన వెంకటప్ప, చేతికి దూదికట్టుతో నేలమీదే కూర్చుని ఉన్నాడు. ఆవిడ నన్ను తిట్టినా బాగుండేది.

"ఒక్కసారి మా ఇంటికి రాప్పా. అందరూ చూస్తాండంగా లోపల కూర్చోని కాఫీ తాగి పో. ఇంజనీరే కూర్చున్నాడంటే కొనేవాళ్ళకి ధైర్యం వస్తాది," అంది.

వస్తానమ్మా అన్నాను. ఆ తర్వాత పనిమీద బాగేపల్లికి చాలాసార్లు పోయాను. కాఫీయే కదా అనుకుంటూ సందు మొదట్లో బండి ఆపుతాను. కొళాయి కనిపిస్తుంది. అక్కడినుంచే బండి తిప్పుకుని వచ్చేస్తున్నాను.