శ్రీపాద మేడ మీది ఎండ

గౌలిపురలో పెళ్లి పెట్టుకున్నవాళ్లు పందిరి మాట్లాడుకున్న రోజే సీతారాంకూ కబురు పంపేవారు. డీజిల్ జనరేటర్లు అద్దెకివ్వడం అతని బతుకుతెరువు. పెళ్లి బారాత్‌ల వెనక, బోనాల ఊరేగింపుల వెనక జనరేటర్ బండి పక్కనే నడిచి నడిచి ఎడమ చెవి సగం మొద్దుబారింది. అయినా తను వెళ్లిన పెళ్లిలో దీపాలు ఆరలేదని గర్వంగా చెప్పుకునేవాడు.

రానురానూ ఫంక్షన్ హాళ్లు పైకప్పుల మీద సోలార్ పలకలు పరిచి బ్యాటరీలు పెట్టుకున్నాయి. పిలుపులు తగ్గాయి. సీతారాం ఉన్నవన్నీ అమ్మేసి, ఒక్క జనరేటర్‌ను మాత్రం ఇంటి ముందు ఉంచుకున్నాడు. అది పాడవకుండా అప్పుడప్పుడూ నడిపేవాడు. నడిపినప్పుడల్లా ఎదురింటి శ్రీపాదతో లొల్లి. ఆయన గుడిలో అర్చకుడు.

"పొగంత మా ఇంట్లనే నిండుతున్నది సీతారాం! మేం బతకాల్నా, వద్దా?" అని గుమ్మంలోంచే అరిచేవాడు. చివరికి ఇద్దరికీ మాటల్లేకుండా పోయాయి.

పోయిన చలికాలంలో సీతారాం భార్య నాగమణమ్మకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. గాలిలోంచి ఆక్సిజన్ తీసి అందించే మిషన్ ఇంట్లో పెట్టుకోమన్నారు డాక్టర్లు. అది కరెంటు మీద నడుస్తుంది.

"కరెంటు ఫికర్ మనకేంది? జనరేటర్ ఉన్నది గదా" అని భార్యకు ధైర్యం చెప్పాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం గాలిదుమారానికి తీగలు తెగిపడ్డాయి. సీతారాం పరుగున వెళ్లి జనరేటర్ స్టార్ట్ చేశాడు. మిషన్ నడిచింది. కానీ ఇరుకు గల్లీ కావడంతో పొగ బయటికి పోలేక ఇంట్లోకే కమ్ముకొచ్చింది. నాగమణమ్మ దగ్గుతో మెలికలు తిరిగిపోయింది. బండిని గల్లీ మొగదాకా తోసి, పొడుగు వైరు లాగి చూశాడు. పొగ అక్కడి నుంచీ వచ్చింది.

"బంద్ చెయ్యి... దాన్ని బంద్ చెయ్యయ్యా" అందామె.

బంద్ చేస్తే మిషన్ ఆగుతుంది. చెయ్యకపోతే పొగ చంపేలా ఉంది. సీతారాం జనరేటర్ ఆపేసి, ఆమెను ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు.

ఆమె కోలుకుని ఇంటికొచ్చాక సోలార్ పెట్టిద్దామనుకున్నాడు. చుట్టూ ఎత్తయిన ఇళ్లు. తమ కప్పు మీద ఎండే పడదు. రోజంతా ఎండ కాసేది శ్రీపాద మేడ మీదే.

"పోయి అడుగు" అంది నాగమణమ్మ.

"ఏం మొఖం పెట్టుకొని అడగాలె?"

"నా మొఖం చూసి ఇమ్మని అడుగు."

మర్నాడు పొద్దున సీతారాం ఎదురింటి మెట్లెక్కాడు. "అయ్యగారూ" అని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"నాగమణమ్మకు ఎట్లున్నది?" శ్రీపాదే అడిగాడు.

"ఉన్నది. మీ మేడ మీద జర జాగ ఇస్తే, పలకలు పెట్టుకుంట. కరెంటు పోయినా మిషన్ ఆగకుండ."

"జాగకేంది, పెట్టుకో. వడియాలకు మాత్రం ఒక మూల విడిచిపెట్టు. లేకుంటే మా ఇంటామె ఇద్దర్నీ బతకనియ్యది."

సీతారాం కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

జనరేటర్‌ను కార్వాన్ బస్తీ నుంచి వచ్చిన ఒకతను కొనుక్కుపోయాడు. అది ఎక్కిన ట్రాలీ మలుపు తిరిగేదాకా సీతారాం చూస్తూ నిలబడ్డాడు. ఆ సాయంత్రం అన్నం సయించలేదు.

మేడ మీద పలకలు లేచాయి, ఇంట్లో బ్యాటరీలు చేరాయి. గల్లీ మీదుగా పైపులో వైరు దాటింది. శ్రీపాద ఇంట్లోనూ ఒక బల్బు, ఫ్యాను దానికే కలిపారు. ముసురు పట్టిన రోజుల్లో బ్యాటరీ ఎక్కువసేపు నిలవదు. అందుకని ఒక ఆక్సిజన్ సిలిండర్‌ను మూలన సిద్ధంగా ఉంచుకున్నారు. ఆ వానాకాలంలో కరెంటు చాలాసార్లు పోయినా, నాగమణమ్మను మళ్లీ ఆసుపత్రిలో చేర్చాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు సీతారాం పొద్దున్నే తడిగుడ్డ తీసుకుని ఆ మేడ ఎక్కుతాడు. పలకల మీది దుమ్ము తుడిచేలోగా శ్రీపాద చాయ్ పట్టుకుని పైకొస్తాడు. ఇద్దరూ పిట్టగోడకు ఆనుకుని తాగుతారు.